కిడ్నీ చేసే రెండో పని

వేదిక మీది పెద్దలకి, ఎదురుగా ఉన్న పిల్లలకి నమస్కారం. పేరుపేరునా చెబుతూ కూర్చుంటే భోజనాల గంట కొట్టేస్తారు, నేరుగా విషయంలోకి వెళ్తాను.

హార్మోన్ల గురించి మాట్లాడమన్నారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు ఒక కుక్క పేగుకున్న నరాలు తెంపేసి, ఆ పేగులో కాస్త ఆమ్లం పోశారు. నరాల్లేవు కదా, ఇంక కబురెలా వెళ్తుంది? అయినా క్లోమం నుంచి రసం కారింది! కబురు రక్తంలో కలిసి వెళ్లిందన్నమాట. ఆ కబురు మోసిన పదార్థమే సెక్రెటిన్. ఇలా రక్తంలో కలిసి కబురు మోసేవే హార్మోన్లు.

సరే, మనది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న చోటు. ఇక్కడ ముందు కిడ్నీ సంగతి మాట్లాడాలి. చేతులెత్తండి, ఎంతమంది ఇళ్లలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లున్నారు? చూశారా. కిడ్నీ అంటే రక్తం వడకట్టేదే అనుకుంటారు, పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా. రక్తంలో ఆక్సిజన్ తగ్గితే అది ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది, ఎముకల్లోని మూలుగ దాన్ని అందుకుని ఎర్రకణాలు తయారుచేస్తుంది. బీపీ పడిపోతే దాన్ని పైకి లేపేందుకు రెనిన్ అనే పదార్థం వదిలేదీ, విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మార్చేదీ కూడా కిడ్నీయే.

మా బావకి కవిటి వైపు కొబ్బరితోట. తోటంతా కలియదిరిగే మనిషి, గట్టు దాటేసరికి ఆయాసపడేవాడు. కనురెప్ప కిందికి లాగితే లోపల తెల్లగా పాలిపోయి ఉండేది. ఒక డాక్టరు 'రక్తం లేదు, బాగా తినండి' అని పంపేశాడు. ఇంక మా అక్క బీట్‌రూట్, దానిమ్మ, పైన కొబ్బరినీళ్లు. ఎంత పెడితే ఏం లాభం, మూలుగకి కబురు పంపేదే మూలన పడితే! పైగా వాటన్నిట్లో పొటాషియం ఉంటుంది, చెడిన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, ఎక్కువైతే గుండెకే ప్రమాదం. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, క్రియాటినిన్, అది చూడమని ఒక్కరూ అనలేదు, ఒక్కరూ! డయాలసిస్ మొదలయ్యాక ఒక నర్సమ్మ చెప్పింది, మిషను రక్తం కడుగుతుంది గానీ హార్మోన్ చెయ్యలేదు, అందుకే ఎరిత్రోపోయిటిన్ ఇంజక్షన్ ఇస్తారని. 1989 నుంచీ వాడుకలో ఉన్న మందండీ అది.

థైరాయిడ్, అడ్రినలిన్ కూడా చెప్పమని చీటీ ఇచ్చారు, చూశాను మాస్టారూ, అవి మీరు క్లాసులో చెప్పెయ్యండి. పిల్లలూ, ఇంట్లో ఎవరికైనా రక్తం తక్కువని రిపోర్టు వస్తే, టానిక్ సీసా కొనేముందు క్రియాటినిన్ పరీక్ష కూడా రాయమని డాక్టరుని అడగండి. మొహమాటపడకండి.