పుస్తకం మూసి చదవడం: ఇంటర్ మొదటి సంవత్సరం సైన్స్ విద్యార్థులతో

అందరికీ నమస్కారం. ఎంపీసీ, బైపీసీల్లో చేరిన కొన్నాళ్లకే మీలో చాలామంది వచ్చి ఒకే మాట అంటున్నారు: "సార్, క్లాసులో అంతా అర్థమవుతుంది. ఇంటికెళ్లి ప్రాబ్లం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు." టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఇలా బెంగపడుతున్నారు. మీ తెలివికి ఏమీ కాలేదు పిల్లలూ. టెన్త్‌లో గట్టెక్కించిన చదివే పద్ధతి ఇక్కడ సరిపోవట్లేదు, అంతే.

ఒక లెక్క చూద్దాం. లిఫ్టులో 50 కిలోల మనిషి నిలబడ్డాడు. లిఫ్టు పైకి వెళ్తోంది, కానీ ఆగాల్సిన అంతస్తు దగ్గర పడిందని వేగం తగ్గుతోంది. తగ్గే రేటు 2 మీటర్స్ పర్ సెకండ్ స్క్వేర్. గురుత్వ త్వరణం 10 అనుకోండి. లిఫ్టు నేల అతణ్ణి ఎంత బలంతో పైకి నెడుతోంది? వెంటనే వినిపించే జవాబు 600 న్యూటన్లు. లిఫ్టు పైకి వెళ్తే 10కి ఆ 2 కలపాలి, కిందికి వస్తే తీసెయ్యాలి అని బట్టీ పట్టేశారు కాబట్టి. అసలు జవాబు 50 × (10 − 2), అంటే 400. చూడాల్సింది లిఫ్టు ఎటు వెళ్తోందని కాదు, త్వరణం ఎటు ఉందని. పైకి వెళ్తూ నెమ్మదిస్తోందంటే త్వరణం కిందికి. మనిషి బొమ్మ గీసి, కిందికి 500 న్యూటన్ల బరువు, పైకి నేల బలం అని రెండు బాణాలు వేసి, త్వరణం పక్కన రాసుకుంటే ఏది పెద్ద బాణమో అక్కడే తేలిపోతుంది.

గైడులో ఇదే లెక్క రెండుసార్లు చదివితే వచ్చేసినట్టే ఉంటుంది. మనల్ని దెబ్బ తీసేది ఆ నమ్మకమే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థుల చేత ఒక సైన్స్ పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివించారు. ఇంకొందరు మొదటి విడతలో మాత్రమే చదివి, ఆ తర్వాత మూడు విడతలు పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. 5 నిమిషాల తర్వాత చూస్తే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం, రాసినవాళ్లకు 71 శాతం గుర్తుంది. వారం తర్వాత అది తారుమారైంది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61 శాతం. మాకు బాగా గుర్తుంటుందని ముందు ఎక్కువ ధీమాగా చెప్పింది ఎవరో తెలుసా? చదివినవాళ్లే!

అందుకని పాఠం ఒకసారి శ్రద్ధగా చదివాక పుస్తకం మూసేయండి. తెల్లకాగితం తీసి గుర్తున్నదంతా రాయండి. బైపీసీ వాళ్లు గుండె బొమ్మ చూడకుండా గీసి, రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్తుందో బాణాలు వేయండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో నింపండి. రేపటి చదువు ఆ ఎర్ర అక్షరాల దగ్గర మొదలుపెట్టాలి. మొదట్లో పేజీ సగం ఖాళీగానే ఉంటుంది, చిరాకేస్తుంది. కంగారుపడకండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ అవస్థే పాఠాన్ని బుర్రలో నిలబెడుతుంది.

లెక్కల విషయంలో ఇంకో అలవాటు కావాలి. ఒకే రకం ప్రాబ్లమ్స్ ఇరవై వరసగా చేస్తే మూడోదానికల్లా ఏ ఫార్ములా వాడాలో ఆలోచించే పని ఉండదు. పరీక్షలో అడిగేది ఆ ఆలోచననే. 2007లో రోరర్, టేలర్ అనే పరిశోధకులు కాలేజీ విద్యార్థులకు ఘనపరిమాణం లెక్కలు ఇచ్చారు. ఒక్కో రకం వరసగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగ్గా చేశారు, కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే. వారం తర్వాత పరీక్ష పెడితే వరసగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చింది. కాబట్టి గతిశాస్త్రం నుంచి రెండు, బలాల నుంచి రెండు, పని-శక్తి నుంచి ఒకటి కలిపి చేయండి. పదిహేను నిమిషాలు తంటాలు పడ్డాకే సొల్యూషన్ చూడండి. చూసిన లెక్కను మర్నాడు మళ్లీ, ఈసారి చూడకుండా చేయాలి.

నిద్ర మానుకోకండి. చదివింది బుర్రలో కుదురుకోవడానికి నిద్ర సాయపడుతుంది.

వెనక కూర్చున్న అమ్మానాన్నలకు ఒక విన్నపం. పిల్లవాడు పుస్తకం మూసి, కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే చదవట్లేదని కేకలేయకండి. ఎన్ని గంటలు చదివావని కాకుండా, "ఇవాళ నేర్చుకున్నది నాకు చెప్పు నాన్నా" అని అడగండి. మీకు ఫిజిక్స్ రాకపోయినా పర్వాలేదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలైతే మరీ మంచిది, ముందు తెలుగులోనే చెప్పనివ్వండి. చెబుతూ ఎక్కడ ఆగిపోయారో వాళ్లకే తెలుస్తుంది.

ఈ రాత్రి న్యూటన్ నియమాలు తీసుకోండి. సోమవారం ఎర్ర పెన్ను దిద్దిన కాగితాలు పట్టుకురండి. ఫెయిర్ చేసి తేవద్దు, కొట్టివేతలతో సహా అలాగే కావాలి. ఎక్కువమంది ఎక్కడ ఆగిపోయారో చూసి, క్లాసు అక్కడి నుంచే మొదలుపెడతాను.