నిజాంసాగర్‌లో పడింది ఎవరి మట్టి?

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలో వచ్చిన ఆయకట్టు రైతులకు, చోటు చాలక వెనక నిలబడ్డ తమ్ముళ్ళకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం. నిజాంసాగర్ కాలువ మరమ్మతుల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. కానీ ముందు ఆ కాలువకు నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో, వాటి వెంట ఏం వస్తోందో చెప్పనివ్వండి.

నిజాం కాలపు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ హయాంలో కట్టి 1931లో పూర్తిచేసిన నాడు నిజాంసాగర్‌లో 29.7 టీఎంసీలు నిలిచేవి. 1970లకల్లా అది 11.8కి దిగింది. కట్ట తెగలేదు, గేటు విరగలేదు. మంజీరా నది తెచ్చిన మట్టి అడుగున కూర్చుంది. తర్వాత నీటిమట్టం పెంచి 17.8 దాకా తెచ్చుకున్నాం.

వరికి టీఎంసీకి పదివేల ఎకరాలన్నది వాడుక లెక్క. అంటే పోయిన 18 టీఎంసీలతో, జలాశయం నిండిన ప్రతిసారీ లక్షా ఎనభై వేల ఎకరాల తడి పోయినట్టు.

పూడిక తీస్తే సరిపోతుంది కదా అంటారు. ఇక్కడ ట్రాక్టర్ ట్రాలీలు ఉన్నవాళ్ళు ఎందరు? మంచిది, లెక్క మీకే తెలుస్తుంది. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు వేసుకోండి. ఒక్క టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు, 94 లక్షల ట్రాలీలు. రోజుకు వెయ్యి ట్రాలీలు, పండగనాడు కూడా ఆపకుండా తోలినా దాదాపు 26 ఏళ్ళు. అదీ ఒక్క టీఎంసీకే! ఊరి చెరువు పూడిక వేరు. దాన్ని చేలకు తోలుకోవచ్చు, తోలుకోవాలి కూడా. ఇంత పెద్ద జలాశయానికి ఆ దారి లేదు. మట్టిని అది పుట్టిన చోటే ఆపాలి.

పుట్టేది ఎక్కడ? మంజీరా బాలాఘాట్ గుట్టల్లో పుట్టి బీడ్, లాతూర్, బీదర్ మీదుగా మన దగ్గరికి వస్తుంది. దారి పొడవునా రేగడే ఎక్కువ. వానాకాలంలో రేగడిలో కాలు దిగబడుతుంది, గుంటక ఆడదు. అందుకే చాలాచోట్ల ఆ నాలుగు నెలలూ చేను ఖాళీగా ఉంచి, యాసంగికి జొన్నో శనగో వేయడం పాత అలవాటు. కప్పు లేని నేలను చినుకు కొడుతుంది, వరద మోసుకొస్తుంది.

దీనికి మందు మన పటాన్‌చెరులోనే ఉంది. మెట్ట పంటల మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ వాళ్ళు 1976 నుంచి రేగడిలో ఈ పాత పద్ధతినీ, ఒక కొత్త పద్ధతినీ పక్కపక్కన పెట్టి చూశారు. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా సుమారు 6.4 టన్నుల మట్టి పోతే, కొత్త పద్ధతిలో 1.6 టన్నులు. గింజ దిగుబడి 1.1 టన్నుల నుంచి 5.1 టన్నులకు పెరిగింది. ఆ కొత్త పద్ధతి ఇదీ: మీటరు వెడల్పు మడి, పక్కన అర మీటరు కాలువ, వంద మీటర్లకు 40 నుంచి 80 సెంటీమీటర్ల వాలు, తొలకరికి ముందే పొడి దుక్కిలో విత్తనం. కాలువలన్నీ గడ్డి పెంచిన వాగులోకి దిగాలి. ఆ గడ్డి లేకపోతే రెండు వానలకే కొత్త ఒర్రె పడుతుంది.

ఎర్ర చెలకల్లో వేసినట్టు రేగడిలో కాంటూరు గట్టు వేయకండి. నీరు ఇంకదు, గట్టు వెనక నిలిచి పైరు కుళ్ళుతుంది. ఎండాకాలంలో గట్టు నెర్రెలిస్తే తొలి వాన ఆ నెర్రెలోంచే తెంపుకుపోతుంది. అక్కడ కొంచెం వాలు ఇచ్చిన గట్టు, చివర మత్తడి కావాలి.

కాలువల సంగతికి వస్తాను, ఇంకొక్క మాట. ఇది నా మనసులో చాన్నాళ్ళుగా ఉంది. వాటర్‌షెడ్ పని, అంటే వాన నీటినీ మట్టినీ పడ్డచోటే ఆపే పని అనగానే వాగు అడుగున చెక్ డ్యామ్‌తో మొదలుపెడతారు. సిమెంటు కనబడుతుంది, బిల్లు తొందరగా అవుతుంది. పైన గుట్ట బోడిగానే ఉంటుంది. రెండు మూడు పెద్ద వానలకు చెక్ డ్యామ్ మట్టితో నిండి, నీళ్ళు పక్క గట్టును కోసుకుని పోతాయి. పని శిఖరం నుంచి కిందికి రావాలి. ముందు గుట్ట మీద కందకాలు. 2 మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతు తవ్వితే ఒక్కోటి 500 లీటర్లు పడుతుంది. ఒక వరుస ఖాళీ కింద రెండో వరుస కందకం రావాలి. తవ్విన మట్టి కింది వైపే పోయాలి. పై వైపు పోస్తే అదే మట్టి కందకంలోకి జారుతుంది.

తర్వాత ఒర్రెల్లో రాతి కట్లు. పునాది ఒక అడుగు తవ్వి, రెండు ఒడ్డుల్లోకీ చొప్పించాలి. మధ్య తప్పనిసరిగా పల్లంగా ఉండాలి. పైభాగం సమంగా పేరిస్తే నీరు అంచుల నుంచి పారి ఒడ్డును తింటుంది. కింది కట్టు తల, పై కట్టు పాదం ఒకే మట్టంలో ఉండాలి. వందకు ఐదు వాలున్నచోట మీటరెత్తు కట్లయితే 20 మీటర్లకొకటి. చెక్ డ్యామ్ అన్నిటికంటే చివర.

మీలో ఒక అనుమానం ఉంది, నాకు తెలుసు. పైవాళ్ళు నీళ్ళాపితే మనకేం వస్తాయని. న్యాయమైన ప్రశ్న. కందకాల్లో ఇంకిన నీటిని పైన కొత్త బోర్లతో చెరుకుకు తోడేస్తే, మన వాటా తగ్గుతుంది. అందుకే పై ఊళ్ళలో మట్టి ఆపే పనికి మనం డబ్బు పెట్టేటప్పుడే బోర్ల మీద మాట తీసుకోవాలి. ఏ మాటా తీసుకోకుండా పని చేయించి తర్వాత తగవులాడితే ఎవరికీ మిగలదు.

పైవాళ్ళకు మేలు చేసి మట్టి ఆపించే ఈ పద్ధతికి దారి చూపింది హర్యానాలోని సుఖోమజ్రీ. 1958లో చండీగఢ్‌లో కట్టిన సుఖనా చెరువు పూడుతుంటే, 1970ల్లో పి.ఆర్. మిశ్రా బృందం పై గుట్టల్లోని ఆ ఊరికి వెళ్ళింది. ఊళ్ళో చిన్న మట్టికట్టలు కట్టి, ఆ నీటిలో భూమి లేని ఇంటికి కూడా వాటా ఇచ్చారు. వాటా దక్కాక గుట్ట మీద మేపు ఊరే ఆపుకుంది. కింది చెరువుకు మట్టి తగ్గింది.

ఇప్పుడు మంజీరా మట్టికి నిజాంసాగర్ కంటే ముందు, ఎగువనున్న సింగూరు జలాశయం అడ్డుపడుతోంది. అక్కడ పూడితే హైదరాబాద్ తాగునీటికీ కష్టమే. బురదనీరు పెరిగితే పటిక ఖర్చు పెరుగుతుంది, ఫిల్టర్లు మాటిమాటికీ కడగాల్సి వస్తుంది. కాబట్టి పై ఊళ్ళకిచ్చే డబ్బులో నగరం కూడా వాటా వేయాలి. ఆ మాట అడగడానికి మన చేతిలో రుజువు ఉండాలి.

అందుకే ఈసారి తొలి వరదకు ఒక పని చేయండి. మీ ఊరి దగ్గర మంజీరాలో కలిసే ప్రతి వాగు నుంచి లీటరు సీసాతో నీళ్ళు పట్టండి. వాగు పేరు, తేదీ, గంట రాసి రెండు రోజులు కదపకుండా పెట్టండి. పైనీరు మెల్లగా వంచి, అడుగు మట్టిని ఎండబెట్టి, కంసాలి త్రాసులో తూయించండి. లీటరుకు ఒక గ్రాము తేలితే, టీఎంసీ నీటితో 28 వేల టన్నులు వచ్చినట్టు. ఏ వాగు మట్టి ఎక్కువ తూగితే, మొదటి కందకం ఆ వాగు తలాపున తవ్విద్దాం. సీసాలు వచ్చే సభకు తీసుకురండి. కాలువ మరమ్మతుల లెక్క కూడా ఆ రోజే, వాటిని పక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.