హాలు కట్టిస్తారా, జీతమిస్తారా?

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. ఒకరి మాటకొకరు అడ్డుపడిన చోట కొంత సర్దాం. గొడవ మాత్రం అలాగే ఉంచాం.)

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్న ఆర్ట్స్ కాలేజీకి దాతలు ఏ రకంగా సాయపడొచ్చన్నది ఇవాళ్టి విషయం. గుంటూరులో ఓ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి, ప్రిన్సిపాల్‌గా రిటైరైన మాస్టారు మనతో ఉన్నారు. గుంటూరు బ్రాడీపేట నుంచి ఆడిటర్ మేడమ్ వచ్చారు, ట్రస్టుల లెక్కలు చూస్తారు. మాస్టారి దగ్గరే బీఏ చదివి, ఇప్పుడు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేస్తున్న పూర్వ విద్యార్థి కూడా ఉన్నారు. మీతోనే మొదలుపెడదామండీ. కాలేజీకి ఏదో ఇద్దామనుకుంటున్నారట?

వ్యాపారి: అవునండీ. వచ్చే ఏటికి మా నాన్నగారు పోయి పదేళ్లు. ఆయన పేరు మీద సెమినార్ హాలు కట్టిద్దామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. చెరో ఇరవై లక్షలు. మాస్టారు సంతోషిస్తారనుకుంటే ఆయన మొహం చిట్లించారు.

మాస్టారు: చిట్లించలేదు నాయనా. హాలు ఊడ్చేదెవరు, కరెంటు బిల్లు కట్టేదెవరు అనడిగాను. మన కాలేజీలో ఇప్పటికే రెండు హాళ్లున్నాయి. ఒకదాంట్లో విరిగిన బెంచీలు పెట్టి తాళం వేశారు. ఆ తాళం మీద కూడా దాత పేరుంటే బావుండేది.

(నవ్వులు)

వ్యాఖ్యాత: మరి కాలేజీకి కావలసిందేంటి మాస్టారూ?

మాస్టారు: పాఠం చెప్పే మనిషి. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టులో ఒకరు రిటైరైతే ఆ ఖాళీ నింపడం ఎప్పుడో ఆగిపోయింది. 2021లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వానికి అప్పగించే ఏర్పాటు వచ్చాక చాలా కాలేజీల్లో ఉన్నవాళ్లూ వెళ్లిపోయారు. మిగిలింది మేనేజ్‌మెంటు జీతమిచ్చే పార్ట్‌టైమ్ వాళ్లు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే ముందు ఆగేది వాళ్ల జీతమే. మా రోజుల్లో హెచ్‌ఈపీ (హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్) అంటే సెక్షన్ నిండేది. 2023లో మూడు సబ్జెక్టుల గ్రూపులు పోయి సింగిల్ మేజర్ వచ్చాక హిస్టరీ ఒక్కటే మేజర్‌గా తీసుకునే పిల్లలు ఎంతమంది ఉంటారు? చెప్పేవాడు లేడని పిల్లలు చేరరు, పిల్లలు లేరని చెప్పేవాణ్ని పెట్టరు. అలా కోర్సే మూతపడుతుంది.

వ్యాపారి: కానీ మాస్టారూ, జీతమిస్తే ఏం మిగుల్తుందండీ? పెళ్లిలో వంద రూపాయలు చదివించినా మైకులో పేరు చెప్తారు. ఇంత డబ్బు పెట్టి నాన్న పేరు ఎక్కడా కనపడకపోతే అమ్మేమంటుంది?

మాస్టారు: పేరు వద్దనట్లేదు. మన రెండూళ్లలో చాలా కాలేజీల పేర్లు దాతల పొడి అక్షరాలే కదా. విజయవాడలో కేబీఎన్ అంటే కాకరపర్తి భావనారాయణ. గుంటూరులో జేకేసీ అంటే జాగర్లమూడి కుప్పుస్వామి చౌదరి. 1937లో పెట్టిన ఎస్సారార్ సీవీఆర్ కాలేజీ ఉంది, ఆ అక్షరాలు విప్పి చెప్పమంటే అక్కడ చదివినవాళ్లే తడుముకుంటారు. రంగయ్యప్పారావు, చుండి వెంకటరెడ్డి అని ఎంతమందికి గుర్తు? అదే విశ్వనాథ సత్యనారాయణ గారు పాఠం చెప్పిన కాలేజీ ఏదంటే, ఇదేనని బెజవాడలో సగం మంది చెప్తారు.

వ్యాఖ్యాత: ఆడిటర్ మేడమ్, జీతానికి విరాళమంటే ఏటా ఇస్తూ ఉండాలా?

ఆడిటర్: అక్కర్లేదు. మూలధనంగా వేసి, వడ్డీ మాత్రం వాడుకోవచ్చు. దాన్నే కార్పస్ అంటాం. ‘ఇది కార్పస్‌కి ఇస్తున్నాను’ అని దాత రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటిమాటతో సరిపెట్టొద్దు. నలభై లక్షలు ఏడు శాతానికి వేశారనుకోండి, ఏడాదికి రెండు లక్షల ఎనభై వేలు. గెస్ట్ లెక్చరర్‌కి నెలకి ఇరవై వేలు, పది నెలలకి రెండు లక్షలు. మిగిలిన ఎనభై వేలు తిరిగి అసల్లో కలపాలి. చాలామంది మర్చిపోయేది ఇదే.

మాస్టారు: మెడల్ సంగతి చెప్పండి మేడమ్.

ఆడిటర్: అదొక కథ. ఒక కాలేజీ పాత ఫైల్లో చూశాను. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట ఒకాయన పదివేలు డిపాజిట్ చేసి, ఎకనామిక్స్‌లో ఫస్టొచ్చినవాళ్లకి గోల్డ్ మెడల్ ఇవ్వాలని రాశారు. అప్పట్లో పదివేలంటే మాటలు కాదు. ఇప్పుడు దాని మీద ఏడాదికొచ్చేది ఏడొందలు. దాంతో బంగారు పూత కూడా రాదు. కాలేజీ వాళ్లు ఓ షీల్డు కొని ఇస్తున్నారు. పోనీ ఆ డబ్బు పిల్లల ఫీజుకి వాడదామంటే కాగితంలో ‘మెడల్’ అనే ఉంది. ఇచ్చేటప్పుడే ‘ఈ అవసరం లేకపోతే దానికి దగ్గరగా ఉన్న మరో అవసరానికి వాడుకోవచ్చు’ అని ఒక్క వాక్యం రాయండి. మీ మనవలు కూడా దణ్ణం పెడతారు.

వ్యాపారి: మరి ట్యాక్సులో ఏమన్నా వస్తుందా మేడమ్?

ఆడిటర్: దానికొద్దాం. అందరి నోటా ఉన్నది 80జీ, అంటే విరాళాలకిచ్చే పన్ను మినహాయింపు. మామూలు ట్రస్టుకిస్తే, మీ ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి, ఇచ్చినదాంట్లో సగం మినహాయింపు. మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే అదీ లేదు. ఫర్మ్ తరఫున ఇస్తే ఈ చిక్కు రాదు. రెండు వేలు దాటి నగదు ఇస్తే మినహాయింపు రాదు. బీరువాలు, ఫ్యాన్లు కొనిచ్చినా రాదు.

వ్యాపారి: తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడి వాటా అక్కణ్ణుంచే పంపిస్తానన్నాడు.

ఆడిటర్: పాస్‌పోర్ట్ ఏది?

వ్యాపారి: అమెరికాదే. భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డుందండీ.

ఆడిటర్: అయితే విదేశీ విరాళం కిందే లెక్క. ఓసీఐ ఉన్నా అంతే. ఇండియా పాస్‌పోర్ట్ ఉంటే బ్యాంకు ద్వారా మామూలుగా పంపొచ్చు. మీ తమ్ముడి డబ్బు తీసుకోవాలంటే కాలేజీ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దానికోసం ఖాతా ఉండాలి. వాడు మీ ఖాతాలో వేసి, మీరు కాలేజీకిచ్చేస్తే సరి అని సలహాలిచ్చేవాళ్లు చాలామంది. నేనివ్వను.

వ్యాపారి: అంటే ఇరవై లక్షలే తేలాయి.

మాస్టారు: ఇరవైకి లక్షా నలభై వేలు వస్తుంది. నలభై అసల్లో కలిపితే లక్ష. సగం జీతం వచ్చినట్టే. మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఎంతమంది?

వ్యాపారి: డెబ్బై పైనే. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పెడుతుంటారు.

మాస్టారు: వాళ్లలో ఇరవైమంది ఏడాదికి ఐదు వేలిస్తే మిగతా లక్ష. నేనూ ఒకణ్ని వేసుకో.

వ్యాఖ్యాత: డబ్బు కాకుండా ఇచ్చేవి? పుస్తకాలు...

మాస్టారు: పుస్తకాలా! ఒకాయన పెట్టెలకి పెట్టెలు పంపారు. విప్పితే అన్నీ పాత ఎంసెట్ గైడ్లు, మధ్యలో ఓ పెళ్లి శుభలేఖ. ఆర్ట్స్ కాలేజీకి ఎంసెట్ గైడెందుకు? ఏం కావాలో లైబ్రేరియన్ని అడిగి కొనండి, చాలు. మన పిల్లలకి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. బీఏ వాళ్లని తీసుకునేవాళ్లు లేక సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నారు. (వ్యాపారితో) నీ దగ్గర నలుగురు ఎకనామిక్స్ పిల్లల్ని పెట్టుకో. తేజ రకం మిర్చికి ఎంత పలికింది, 334 రకానికి ఎంత, ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, కోల్డ్ స్టోరేజీలో ఎంతుంది, రోజూ రాయించు. నా పాఠం కంటే ఎక్కువ నేర్చుకుంటారు.

వ్యాపారి: అది రేపే పెట్టుకుంటాను. ఘాటుకి తట్టుకుంటే చాలు.

మాస్టారు: ఇంకోటి. నేను ప్రిన్సిపాల్‌గా ఉన్నప్పుడు బీరువాలో ఓ కవరు ఉండేది. పరీక్ష ఫీజు ఆఖరి రోజున ఓ అమ్మాయి ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది. అందరూ వెళ్లేదాకా కదల్లేదు. ‘ఏమ్మా’ అంటే ‘నాన్న సాయంత్రం తెస్తానన్నాడు సార్’ అంది. కిటికీ మూసేది మూడింటికి. ఆ కవర్లోంచి కట్టాను. ఇప్పుడా పిల్ల సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఏ స్కాలర్‌షిప్పూ మూడింటిలోపు రాదు.

ఆడిటర్: మాస్టారూ, వోచరు రాశారా?

మాస్టారు: ...చీటీ రాశాను.

ఆడిటర్: కవరు వద్దు. ‘అత్యవసర నిధి’ అని వేరే ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు పెట్టండి, ఏటా యాభై వేలకి మించకుండా చూడండి. అప్పుడు మీరు కిటికీ దగ్గరే కట్టొచ్చు, నేనూ సంతకం పెట్టగలను.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. పెద్ద కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధుల గురించి ఒక్క మాట?

ఆడిటర్: ఐదు వందల కోట్ల నెట్‌వర్త్, వెయ్యి కోట్ల టర్నోవర్, ఐదు కోట్ల లాభం, వీటిలో ఏదో ఒకటి దాటిన కంపెనీకే లాభంలో రెండు శాతం అలా ఖర్చుపెట్టే బాధ్యత. యార్డులో వ్యాపారులకి చాలావరకు వర్తించదు.

వ్యాఖ్యాత: మరి హాలు సంగతి ఏం చేస్తున్నారండీ?

వ్యాపారి: అమ్మనడగాలి. పేరు ఎక్కడ పెడతారంటే ఏం చెప్పను?

మాస్టారు: టైమ్‌టేబుల్లో. ‘హిస్టరీ, మీ నాన్నగారి పేరిట లెక్చరర్’ అని. ఏటా కొత్త టైమ్‌టేబుల్ నోటీసు బోర్డుకెక్కుతుంది, కాపీ అమ్మకి నేనే తెచ్చిస్తాను.

ఆడిటర్: చెక్కు రాసే ముందు కాలేజీ ట్రస్టుకి 80జీ రెన్యువల్ అయిందో లేదో కనుక్కోండి. మాస్టారిని కాదు, ఆఫీసులో అడగండి.