తిని పారేసే గింజకి ఒక కుండీ

అందరికీ నమస్కారమండీ. ముందే ఒక మాట చెప్పేస్తాను, ఇంట్లో పండ్లు కాయించుకుందామని వచ్చినవాళ్ళుంటే మీకు నిరాశే, నేను మాట్లాడేది ఆకుల గురించి. గింజతో మొలిచిన అవకాడో బయట నేలలో పెట్టినా కాపుకి రావడానికి 5 ఏళ్ళు, 10 ఏళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది, ఇక కిటికీ పక్కన కుండీలో అయితే కాయదనే అనుకోండి. ఆకులు మాత్రం ఇంత పొడుగు వేసుకుని గది మూలకి ఒక కళ తెస్తుంది, నాకది చాలు.

మనకి గింజ అనగానే కడిగి, ఎండబెట్టి, డబ్బాలో దాచడం అలవాటు కదా. కూరగాయల విత్తనాలకి అది కరెక్టే. మామిడి, పనస, లిచీ, అవకాడో అలా కాదండీ, వీటి గింజలు ఎండాయంటే చచ్చాయన్నమాటే. నేను ఫస్ట్ టైమ్ మామిడి టెంకల్ని శుభ్రంగా నెల రోజులు ఎండబెట్టి పాతాను, రోజూ నీళ్ళు పోశాను, ఎంతకీ రాకపోతే తవ్వి పగలగొట్టి చూశాను, లోపల జీడి ముడుచుకుపోయి నల్లగా అయిపోయి ఉంది. ఇప్పుడైతే పండు తిన్న రోజే టెంక అంచుని కత్తెరతో జాగ్రత్తగా విప్పి, జీడి తీసి, తడి గుడ్డలో చుట్టి మూత డబ్బాలో పెట్టేస్తాను. రెండు వారాల్లోపే వేరు తొంగిచూస్తుంది. కొన్ని రకాల మామిడిలో ఒకే జీడి నుంచి రెండు మూడు మొక్కలొస్తాయి, వాటిలో చాలావరకు తల్లి చెట్టుకి అచ్చు కాపీలే.

నిమ్మ గింజ కూడా ఎండకూడదు. దానికి పైన గట్టి తెల్లటి పొట్టు ఉంటుంది, జారిపోతూ చిరాకు పెడుతుంది, గోటితో మొన దగ్గర గిల్లి అది లాగేస్తే తొందరగా మొలుస్తుంది, వెచ్చగా ఉంటే రెండు మూడు వారాలు.

అవకాడోకి టూత్‌పిక్‌లు గుచ్చి గ్లాసు మీద వేలాడదీసే పద్ధతి అందరికీ తెలిసిందే, సూదిగా ఉన్న వైపు పైకి, వెడల్పు వైపు నీళ్ళలోకి. పగలడానికి రెండు వారాలూ పట్టొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. నాది ఆరో వారంలో పారేద్దామని తీస్తే అడుగున చిన్న చీలిక! మళ్ళీ గమ్మున గ్లాసులో పెట్టేశా. మొక్క జానెడు దాటాక కొస తుంచాలి, లేకపోతే కర్రలా పైకే పోతుంది. చెయ్యి రాదు, తెలుసు, అయినా తుంచండి.

ఖర్జూరం మాత్రం మొండిఘటం, ఎండినా బతుకుతుంది. ఇజ్రాయెల్‌లో మసాదా కోట తవ్వకాల్లో దొరికిన దాదాపు 2000 ఏళ్ళనాటి గింజని 2005లో నాటితే మొలిచింది! మనం తిన్న పండు గింజ ఎంత. రెండు రోజులు నానబెట్టి పాతితే ముందు తెల్లటి తాడులాంటిది కిందకి దిగుతుంది, అదంతా ఉత్త వేరు అనుకుంటాం గానీ మొలకని లోపల పెట్టుకుని లోతుకి పోయేది అదే, ఆ తర్వాత గింజకి కాస్త ఎడంగా గడ్డిపోచలాంటి ఆకు పైకొస్తుంది. గింజ మొలవలేదనుకుని ఆ గడ్డిని పీకేసినవాళ్ళు నాకు తెలుసు, పేరు చెప్పను, నేనే.

యాపిల్‌కైతే చలికాలం దాటానని నమ్మకం కలగాలి, తడి టిష్యూలో చుట్టి రెండు మూడు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి, ఓపికుంటే చెయ్యండి.

మొలిచాక చచ్చేవి ఎక్కువగా నీళ్ళు ఎక్కువై చస్తాయి. కుండీకి అడుగున చిల్లు ఉండాలి, మట్టిలో వేలు పెట్టి పైన ఒక అంగుళం ఆరితేనే పొయ్యండి.

ఇదిగో, ఈ నిమ్మ మొక్క అటువైపు నుంచి ఒక్కొక్కరూ చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. ఆకుని వేళ్ళతో మెల్లగా నలిపి వాసన చూడండి, పండు లేకపోయినా అంతా నిమ్మకాయే. కొయ్యకండి ప్లీజ్, ఉన్నవే తొమ్మిది ఆకులు.