కాదన్నవాళ్లు ఏమయ్యారు?

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ప్రజాస్వామ్యం అనగానే ముందు ఓటు గుర్తొస్తుంది. ఓటు లేని ప్రజాస్వామ్యం లేదు, అందులో వాదన లేదు. అయితే ఓట్లు పడిన ప్రతిచోటా ప్రజాస్వామ్యం ఉన్నట్టు కాదు. 1933 మార్చి 23న జర్మన్ పార్లమెంటు బెర్లిన్‌లోని క్రోల్ ఒపెరా భవనంలో సమావేశమైంది. పార్లమెంటుతో పనిలేకుండా చట్టాలు చేసుకునే అధికారాన్ని హిట్లర్ ప్రభుత్వానికి కట్టబెట్టే బిల్లు ఆ రోజు ఓటింగుకు వచ్చింది. కమ్యూనిస్టు సభ్యులు కొందరు నిర్బంధంలో, మరికొందరు అజ్ఞాతంలో ఉన్నారు. నాజీ దళాలవాళ్లు యూనిఫారాల్లో హాల్లోనే నిలబడి ఉన్నారు. అలాంటి చోట సోషల్ డెమోక్రాట్ల నాయకుడు ఒట్టో వెల్స్ లేచి, మేము ఒప్పుకోమని చెప్పారు. ఆయన పార్టీవాళ్లు 94 మంది వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు నెగ్గింది. కొద్ది నెలల్లో నాజీ పార్టీ తప్ప ఇంకో పార్టీ మిగల్లేదు. ఆ నవంబరులో ఎన్నికలు కూడా జరిగాయి, ఒకే ఒక్క జాబితాతో. జనం ఓటేశారు, అధికారులు లెక్కపెట్టారు.

అందుకే ఒక దేశం గురించైనా, ఒక సంఘం గురించైనా నేను ముందు అడిగేది గెలిచినవాళ్ల సంగతి కాదు. కాదన్నవాళ్లు ఏమయ్యారు? వాళ్లకు ఎవరైనా జవాబు చెప్పారా? వాళ్ల మాట ఎక్కడైనా రాసి ఉందా?

చట్టసభల దాకా వెళ్లక్కర్లేదు. మనలో ఎక్కువమందికి ప్రజాస్వామ్యం అనుభవంలోకి వచ్చేది చిన్న సమావేశాల్లోనే. అధ్యక్షులవారు తీర్మానం చదువుతారు. "అభ్యంతరాలేమైనా ఉన్నాయా?" అని అడుగుతూనే కాగితం తిప్పేస్తారు. వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యి సగం దాకా లేపుతుంది. పక్కనున్నావిడ మోచెయ్యి పట్టుకుని, "ఇప్పుడెందుకమ్మా, తర్వాత మాట్లాడుకోవచ్చులే" అంటుంది. మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని పడుతుంది. చట్టాన్ని ఎవరూ అతిక్రమించలేదు, ఎవరూ ఎవరినీ బెదిరించలేదు. అయినా ఆ గదిలో ప్రజాస్వామ్యం ఆ క్షణాన లేదు. ఆ అమ్మాయి అడగబోయిన ప్రశ్న ఏమిటో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

ఆమె ఎందుకు ఆగిపోయింది? పిరికితనం అని తేల్చేయడం అన్యాయం. అధ్యక్షుడి సంతకంతో ఆమెకు పని ఉండవచ్చు, ఆయన దయ మీద ఆమె ఉద్యోగం ఆధారపడి ఉండవచ్చు. బతుకుతెరువు ఒకరి చేతిలో ఉన్నప్పుడు నోరు కూడా సగం వాళ్ల చేతిలోనే ఉంటుంది. బ్రిటన్‌లో 1872 దాకా ఓటు బహిరంగంగా వెయ్యాల్సి వచ్చేది. భూస్వామి చూస్తుండగా కౌలుదారు తన ఓటు పైకి చెప్పాలి. రహస్య బ్యాలెట్ పుట్టింది ఆ భయం నుంచే. కానీ ఆ చాటు పోలింగు రోజుకే పనికొస్తుంది. మిగతా రోజుల్లో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాలి కదా.

1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించింది దీని గురించే. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత్వం పక్కపక్కన పెట్టుకుని ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని ఆయన అన్నారు. దాన్ని త్వరగా తొలగించుకోకపోతే, అసమానతకు బలైనవాళ్లు ఈ కట్టడాన్నే కూల్చేస్తారని కూడా చెప్పారు. సమాజంలో ప్రజాస్వామ్యం లేకుండా రాజ్యంలో ఎక్కువకాలం నిలవదన్నది ఆ ప్రసంగం సారం. నాకు తెలిసినంతలో ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి. అసలు గదిలోకే రానివ్వనివాళ్ల మాటేమిటి? స్విట్జర్లాండ్‌లో మహిళలకు జాతీయ స్థాయిలో ఓటు ఇవ్వాలా వద్దా అని 1959లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఓటేసింది మగవాళ్లే. దాదాపు మూడింట రెండు వంతులు వద్దన్నారు. 1971లో గానీ ఒప్పుకోలేదు. అప్పెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే కాంటన్‌లో, అంటే అక్కడి రాష్ట్రం లాంటి ప్రాంతంలో, మహిళలకు స్థానిక వ్యవహారాల్లో ఓటు కోసం 1990లో కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. బహిరంగ సభలో చేతులెత్తి నిర్ణయాలు చేసుకునే పాత సంప్రదాయం ఉన్న చోటే ఇది. మెజారిటీ ఎంత పెద్దదైనా, ఎవరి సంగతి తేలుస్తున్నారో వాళ్లే బయట ఉంటే ఆ తీర్పుకు విలువ తక్కువ.

వ్యతిరేకించినవాళ్ల మాట రాసిపెట్టడం వల్ల ఏం లాభమని అడుగుతారు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీ కాలంలో, అక్రమంగా నిర్బంధించారంటూ కోర్టు తలుపు తట్టే హక్కు పౌరుడికి ఉందా అన్న ప్రశ్న మీద సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అయిదుగురిలో నలుగురు లేదన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే ఉందన్నారు. ఆ తర్వాత ప్రధాన న్యాయమూర్తి పదవికి సీనియారిటీ ప్రకారం ఆయన వంతు వచ్చినా, ఆయన్ను పక్కనపెట్టారు. ఆయన రాజీనామా చేశారు. ఆయన రాసింది మాత్రం తీర్పు ప్రతిలో అలాగే ఉండిపోయింది. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మెజారిటీ తీర్పును తప్పని కొట్టేసింది, ఖన్నా మాటే సరైనదంది. మధ్యలో 41 ఏళ్లు. రాయకపోతే ఏం మిగిలేది?

కాదన్నవాళ్లకూ బాధ్యత ఉంది. తమ మాట విన్నాక, జవాబు చెప్పాక, ఓటింగులో ఓడిపోతే ఆ నిర్ణయం మారేదాకా దానికి కట్టుబడాలి. మనస్సాక్షి ఏమాత్రం ఒప్పుకోని సందర్భాలు వేరు. ఓడిన ప్రతిసారీ సభ వదిలి వెళ్లిపోతే రేపు మన మాట వినే సభే ఉండదు.

మీమీ సంఘాల్లో, ఆఫీసుల్లో ఈ నెల నుంచే చేయగలిగిన పనులున్నాయి. పెద్ద హోదాలో ఉన్నవాళ్లు చివర్లో మాట్లాడండి, ఎందుకంటే వాళ్లు ముందు మాట్లాడితే మిగతావాళ్లకు తలూపడమే మిగులుతుంది. అభ్యంతరాలున్నాయా అని అడిగాక కాసేపు ఆగండి. ఆ నిశ్శబ్దం ఇబ్బందిగా ఉన్నా సరే. ఎవరైనా వ్యతిరేకిస్తే, వాళ్లు వద్దంటే తప్ప, వాళ్ల కారణాన్ని వాళ్ల మాటల్లోనే తీర్మానం కింద రెండు వాక్యాలు రాయండి. ఏడాది తర్వాత అదే అంశం మళ్లీ చర్చకు వచ్చినప్పుడు ముందు ఆ రెండు వాక్యాలు చదివించండి.