నాలుగో తీగ పలకాలంటే

శ్రోతలకు నమస్కారం.

ఇప్పుడు నా చేతిలో ఒక బేస్ గిటార్, అంటే మంద్రస్వరాలు పలికే గిటార్, ఉందనుకోండి. దానికి నాలుగు తీగలు. వాటిలో అన్నిటికన్నా లావుగా ఉండే నాలుగో తీగను నేను మీటాననుకోండి. ఆ తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. గాలిలో ఆ ధ్వని ఒక్కొక్క అల పొడవు 8 మీటర్ల పైమాటే. మీరు ఈ ప్రసంగాన్ని ఫోనులో వింటున్నట్లయితే, అందులోని చిన్న స్పీకరు అంత మంద్రమైన ధ్వనిని పలికించలేదు. అయినా ఆ స్వరం విన్నట్లే మీకు అనిపిస్తుంది. ఏ తీగా ఒక్క స్వరాన్నే పలకదు. మూలస్వరంతో పాటు దానికి రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు వేగంగా కంపించే పైస్వరాలు కూడా వస్తాయి. ఫోను ఆ పైస్వరాలను వినిపిస్తుంది, అడుగున లేని మూలస్వరాన్ని మన మెదడు తానే పూరించుకుంటుంది. ఏ స్వరమో తెలుస్తుంది గాని, గుండెకు తగలదు.

గుండెకు తగిలే ఆ మంద్రాన్ని తక్కువ ఖర్చులో ఎలా సంపాదించుకోవాలో ఈ రోజు చెబుతాను. నేను విజయవాడలో ఆర్కెస్ట్రాలకు చాలా ఏళ్లు బేస్ వాయించాను. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వెనక వరుసలో కూర్చున్నవారికి కూడా ఆ నాలుగో తీగ అందాలని తపించినవాణ్ణి. అందుకే ఈ విషయం మీద నాకు ఇంత ప్రేమ.

గుంటూరు బ్రాడీపేటలో మా మేనకోడలు ఉంటుంది. ఇంజినీరింగ్ చదువుతోంది. ఆదివారాలు చర్చిలో పాటల బృందంతో పాడుతుంది. ఆ బృందంలో కీబోర్డు ఉంది, డ్రమ్స్ ఉన్నాయి, మామూలు గిటార్ ఉంది. బేస్ లేదు. పిల్లలకు ట్యూషన్లు చెప్పి 18 వేల రూపాయలు కూడబెట్టుకుని నాకు ఫోను చేసింది. "మామయ్యా, ఈ డబ్బుకు మంచి బేస్ గిటార్ వస్తుందా? కింది స్వరాలు బలంగా ఉండాలి" అంది. "వస్తుందమ్మా. కానీ డబ్బంతా గిటార్ మీదే పెట్టకూడదు" అన్నాను. తను బస్సెక్కి విజయవాడ వచ్చింది. ఇద్దరం ఒక వాద్యాల దుకాణానికి వెళ్లాం.

దుకాణంలో అబ్బాయి మూడు గిటార్లు ముందు పెట్టాడు. మొదటిది నిగనిగలాడే నల్లటిది. దానిలో 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే చిన్న సర్క్యూట్ ఉంది. రెండోది సాదాసీదా గోధుమరంగు గిటార్. బ్యాటరీ లేదు, మధ్యలో తీగల కదలికను అందుకునే పికప్ ఒక్కటే, రెండు ముక్కలుగా విడగొట్టి అమర్చినది. మూడోది పొట్టిది. తీగ పొడవు 30 అంగుళాలు. మిగతా రెంటికీ 34.

ఆ అబ్బాయి ముందుగా నల్లదాన్ని మామూలు గిటార్‌కు వాడే, స్పీకరు లోపలే ఉన్న చిన్న యాంప్లిఫయర్‌కు తగిలించి వాయించాడు. ధ్వని గంభీరంగా వచ్చింది. మా అమ్మాయి కళ్లు మెరిశాయి. నేను దగ్గరికి వెళ్లి గిటార్ మీది నాబ్‌లు చూశాను. కింది స్వరాలను పెంచే నాబ్ చివరిదాకా తిప్పి ఉంది. దాన్ని సగానికి, అంటే పెంచడమూ తగ్గించడమూ లేని చోటికి తెచ్చి, "ఇప్పుడు వాయించు నాయనా" అన్నాను. గాంభీర్యం పోయింది. ఆ సర్క్యూట్ చెడ్డదని కాదు. మంచి గిటార్లలోనూ అటువంటివి ఉంటాయి. అయితే ఆ నాబ్ తిప్పి ఉన్నప్పుడు మనం వినేది సర్క్యూట్ చేసిన పని. తీగ సొంతంగా ఏం పలుకుతోందో వినాలంటే నాబ్‌లన్నీ సగంలో ఉండాలి.

తరువాత గోధుమరంగుదాన్ని అదే యాంప్లిఫయర్‌కు తగిలించాం. పీలగా పలికింది. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. "బేస్‌కు వాడే యాంప్లిఫయర్ ఉందా?" అని అడిగాను. వెనక గదిలో ఉందన్నారు. తెచ్చి, దుమ్ము దులిపి, అదే గిటార్‌ను అదే వైరుతో దానికి తగిలించారు. అమ్మాయి నాలుగో తీగను మీటింది. పక్కన ఉన్న అద్దాల బీరువా సన్నగా అదిరింది. తను నా వైపు చూసి, "మామయ్యా, ఇది ఇందాకటి గిటారేనా?" అంది.

ఇందాకటి గిటారే. మారింది స్పీకరు. చిన్న స్పీకరు అంత గాలిని కదపలేదు. పైగా మన చెవి మంద్రస్వరాలను పైస్వరాలంత తేలికగా అందుకోదు, కాబట్టి వాటికి ఎక్కువ శక్తి కావాలి. మామూలు గిటార్ యాంప్లిఫయర్‌లో బేస్‌ను గట్టిగా వాయిస్తే స్పీకరు దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. అందుకే డబ్బంతా గిటార్ మీద పెట్టవద్దన్నాను. మళ్లీ అంటున్నాను, డబ్బంతా గిటార్ మీద పెట్టవద్దు.

ఇక పికప్ సంగతి. పికప్ అంటే అయస్కాంతమూ దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్టా. పైన ఉక్కు తీగ కదిలితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. మరి అది ఎక్కడ ఉండాలి? మన పెరట్లో బట్టలారేసే తీగను గుర్తు చేసుకోండి. మధ్యలో పట్టి లాగి వదిలితే నడిమి భాగం ఎంత ఊగుతుంది! మేకు దగ్గర దాదాపు కదలదు. గిటార్ తీగ కూడా అంతే. బ్రిడ్జి దగ్గర, అంటే తీగ చివర కట్టిన చోట, మూలస్వరపు ఊపు తక్కువ, పైస్వరాల పాలు ఎక్కువ. ఎడమచేత్తో పట్టుకునే మెడ వైపు జరిగే కొద్దీ మూలస్వరం బలపడుతుంది. కాబట్టి మంద్రం కావాలంటే బ్రిడ్జి దగ్గర మాత్రమే పికప్ ఉన్న గిటార్ వద్దు. మధ్యలోనో మెడ వైపునో ఒకటి ఉండి తీరాలి. మీటే వేలు కూడా అంతే. మా అమ్మాయి చెయ్యి నాలుగంగుళాలు మెడ వైపు జరిపించాను. పైసా ఖర్చు లేకుండా స్వరం లావెక్కింది.

ఆ గోధుమరంగు గిటార్ అమరిక కొత్తదేమీ కాదు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్‌ను తెచ్చారు, 34 అంగుళాల తీగతో. 1957లో ఆ రెండు ముక్కల పికప్ వచ్చింది. నేటికీ తక్కువ ధర గిటార్లు ఎన్నో ఆ నమూనానే అనుసరిస్తాయి. డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డుల సంస్థ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ చేతిలో ఉన్నదీ అటువంటిదే. ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవారు, తీగలను చాలా అరుదుగా మార్చేవారు. పాతబడిన తీగలో తళుకు తగ్గి, అడుగు స్వరం ముందుకు వస్తుంది.

తీగ లావు గురించి ఒక్క మాట. మృదంగం ఎడమ మూత మీద తడిపిన రవ్వ ముద్ద అంటించడం మీరు చూసే ఉంటారు. ఆ బరువుకు మూత నెమ్మదిగా కంపించి స్వరం కిందికి దిగుతుంది. బేస్ తీగలోనూ ఉక్కు తీగ చుట్టూ మరో తీగ చుట్టి బరువు పెంచుతారు. సూత్రం ఒక్కటే. మన వాద్యకారులు రవ్వతో సాధించినదాన్ని తలచుకున్నప్పుడల్లా నాకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

పొట్టి గిటార్‌ను కూడా వాయించి చూశాం. తీగ 34 నుంచి 30 అంగుళాలకు తగ్గితే, అదే తీగకు అదే స్వరానికి బిగువు ఐదో వంతు కంటే కాస్త ఎక్కువే తగ్గుతుంది. ధ్వని మెత్తగా, గుండ్రంగా ఉంటుంది. చిన్న చేతులవారికి ఎంతో హాయి. పొట్టిదైతే మంద్రం రాదన్న మాటను నేను ఒప్పుకోను. మా అమ్మాయికి మాత్రం పొడవుదే నచ్చింది. ఐదు తీగల గిటార్ గురించి కూడా అడిగింది. ఆ ఐదో తీగ సెకనుకు 31 సార్లే కంపిస్తుంది. చిన్న స్పీకరుతో దాన్ని పలికించాలనుకోవడం ఆశే అవుతుంది. మొదటి గిటార్‌కు నాలుగు తీగలు చాలు.

గోధుమరంగుదే తీసుకుందామనుకున్నాం. అయితే నాలుగో తీగను మెడ మీది లోహపు మెట్లలో మూడోదాని దగ్గర నొక్కితే జిర్రుమంది. అదే రకంలో మరొకటి తెమ్మన్నాం. అది ప్రతి మెట్టు మీదా శుభ్రంగా పలికింది. తక్కువ ధర గిటార్లలో ఈ తేడాలు ఎక్కువ. ఒకటి వాయించి చూసి, పెట్టెలో ఉన్న మరొకటి ఇంటికి తెచ్చుకోకండి. వాయించినదాన్నే తెచ్చుకోండి. ఏ మెట్టూ నొక్కకుండా వదిలిన తీగ మీద ఒకసారి, పన్నెండో మెట్టు మీద ఒకసారి మీటి, ఫోనులోని ట్యూనర్‌తో చూడండి. రెండోది సరిగ్గా ఒక స్థాయి పైన ఉండాలి. ఒకటో తీగ మీద అయిదు నుంచి ఏడో మెట్టు వరకు ఆగి ఆగి వినండి. చాలా గిటార్లలో అక్కడ ఏదో ఒక స్వరం తొందరగా ఆరిపోతుంది.

గిటార్‌కు 11 వేలు అయింది. పది అంగుళాల స్పీకరున్న పాత బేస్ యాంప్లిఫయర్ 6,500కు దొరికింది. మిగిలిన 500తో గట్టి వైరు కొన్నాం. వాయించాక తీగలను పొడిగుడ్డతో తుడవమని చెప్పి పంపాను. మన గుంటూరు ఎండలకు వేళ్ల చెమటే తీగలకు మొదటి తుప్పు.

రెండు వారాల తరువాత ఆదివారం నేను వాళ్ల చర్చికి వెళ్లాను. యాంప్లిఫయర్‌ను వేదిక మధ్యలో స్టూలు మీద పెట్టారు. కింది స్వరాలు హాలులో ఎక్కడికో పోతున్నాయి. పాటల మధ్య విరామంలో దాన్ని దించి, నేల మీద, గోడ మూలకు జరిపించాను. మూలలో పెడితే గోడలూ నేలా కలిసి మంద్రాన్ని హాలులోకి తోస్తాయి. తరువాతి పాట మొదలైంది. నేను వెనక నుంచి మూడో బెంచీలో కూర్చున్నాను. మా అమ్మాయి నాలుగో తీగ మీటినప్పుడు, బెంచీ మీద ఆనించిన నా అరచేతికి అది తెలిసింది.

నమస్కారం.