కిడ్నీ జబ్బులో మతి ఎందుకు మందగిస్తుంది?

[తెరపై: వంటింటి గట్టు మీద వారం రోజుల మాత్రల డబ్బా. సోమవారం గడి ఖాళీ. మంగళవారం గడిలో బీపీ మాత్రలు రెండు.]

కొట్టు పద్దులన్నీ నోటితోనే కట్టిన పెద్దాయన ఈ డబ్బా సర్దుకున్నారనుకోండి. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది" అంటారు. మందలిస్తారు కూడా. దయచేసి మందలించకండి. ఇది జబ్బులో భాగం కావచ్చు.

[తెరపై: గుండె నుంచి రెండు వైపులా పారుతున్న రక్తం.]

గుండె పంపే రక్తంలో సుమారు 20 శాతం కిడ్నీలకు, 15 శాతం మెదడుకు వెళుతుంది. రెండు చోట్లా సన్నని నాళాల్లోకి రక్తం ఎడతెగకుండా ఉరుకుతూనే ఉంటుంది. అందుకే బీపీ, షుగరు ఒకదాన్ని దెబ్బతీస్తే రెండోదాన్నీ వదలవు. మూత్రంలో అల్బుమిన్ అనే రక్తంలోని మాంసకృత్తి పోతున్నవారి మెదడు స్కానింగుల్లో, నాళాలు దెబ్బతిన్న మచ్చలు ఎక్కువగా కనిపిస్తాయి.

ఇక విషాల సంగతి. పేగుల్లోని బాక్టీరియా మాంసకృత్తులను విడగొట్టినప్పుడు పుట్టే పదార్థం కాలేయంలో ఇండాక్సిల్ సల్ఫేట్‌గా మారుతుంది. ఆరోగ్యమైన కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. పాడైన కిడ్నీ పంపలేదు. రక్తంలోని అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి డయాలసిస్ కూడా దాన్ని సరిగా కడగలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో బీపీ, షుగరు లేనివారికీ కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఏదైనా, కిడ్నీ పని తగ్గితే ఈ విషాలు పేరుకుంటాయి. రక్తహీనత, నిద్రలేమి దానికి తోడవుతాయి.

ముందుగా దెబ్బతినేది తరచుగా జ్ఞాపకం కాదు, ఏకాగ్రత. ఒక పనిని వరుసగా ఆలోచించి పూర్తిచేయడం కష్టమవుతుంది. మనవరాలి పుట్టినరోజు గుర్తుంటుంది, మాత్రల వరుస మాత్రం తప్పుతుంది. అందుకే ఎవరూ గమనించరు.

అమెరికాలోని మినియాపొలిస్ ప్రాంతంలో డయాలసిస్ చేయించుకుంటున్న, 55 ఏళ్లు, ఆపై వయసున్న 338 మందిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఆలోచనా శక్తి మామూలుగా ఉన్నవారు 13 శాతం లోపే. తీవ్రంగా తగ్గినవారు 37 శాతం. కానీ ఈ సమస్య ఉందని ఆసుపత్రి రికార్డుల్లో నమోదైనది సుమారు 3 శాతం మందికే! నన్ను అన్నిటికంటే కలచివేసే అంకె ఇదే.

ఒక హెచ్చరిక. నరాల నొప్పికి ఇచ్చే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, కండరాల బిగువుకు ఇచ్చే బాక్లోఫెన్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి. మోతాదు తగ్గించకపోతే మత్తు, తికమక వస్తాయి. మనిషి ఒక్కసారిగా తడబడుతుంటే మందుల చీటీ పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

[తెరపై: డయాలసిస్ మంచం. తల పక్కకు వాల్చిన రోగి. చేతిలో కొత్త చీటీ.]

డయాలసిస్ జరుగుతుండగా మెదడుకు రక్తప్రసారం సగటున 10 శాతం తగ్గినట్టు నెదర్లాండ్స్ పరిశోధకులు 2018లో చూపించారు. ఆలోచన అన్నిటికంటే మందంగా ఉండేదీ ఆ గంటల్లోనే. మర్నాటికి కాస్త తేరుకుంటుంది. మందులు మారాయని మాత్రం చాలాసార్లు ఆ మంచం మీదే చెబుతారు. ఆయన తలూపుతారు.

మార్పులన్నీ కాగితం మీద రాయించుకోండి. మర్నాడు ఉదయం ఆయన పక్కన కూర్చుని, ఇద్దరూ కలిసి డబ్బా సర్దండి.

[తెరపై: రెండు జతల చేతులు. మంగళవారం గడిలో ఒకే మాత్ర.]